వీరమ్మ ఇంటి కొలత

వీరమ్మ పొద్దున్నే లేచి పొరక పట్టుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకుంటాది. రాత్రి ఎంతమంది పడుకుంటే అంతమందికి సరిపోయే గదులుంటాయి ఊడ్చేదానికి. తానొక్కతే ఉన్న పొద్దు ఒక గది, ఒక పొయ్యి. చెల్లెలు పిల్లలతో వచ్చిందంటే పక్కన ఇంకో గది. ఇంక శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే జనం దిగినారంటే చూడాల, వసారాలు, అరుగులు, పెరటి వాకిలి, అన్నీ తయారు. వాళ్ళు దోర్నాల దాటేసరికి ఇల్లు మళ్ళ మామూలే. "పెరిగేది నువ్వు, నడుము పోయేది నాది" అని గోడను తిట్టుకుంటానే ఊడ్చేది.

ఊర్లో ఎవురికీ ఇదేం వింత కాదు. ఒకరి బర్రెకు పొడిచే గుణం ఉంటాది, వీరమ్మ ఇంటికి పెరిగే గుణం ఉండాది, అంతే. ఒక్క సంగతి మాత్రం వీరమ్మ అత్త పోతా పోతా చెప్పి పోయింది. ఇంటిని ఖాళీగా వదలొద్దు అని. మనిషనేవాడు లోపల లేకపోతే అది ఎంతకు తగ్గుతాదో, అసలు ఉంటాదో పోతాదో, ఎవురూ చూసినోళ్ళు లేరు. అందుకని వీరమ్మ మేకలు తోలుకొని పోతే పక్కింటామె వచ్చి ఒత్తులు చేసుకుంటా కూర్చునేది.

అవి కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. రాష్ట్రం కొత్త, ఆఫీసర్లు కొత్త, ఆర్డర్లకు కరువు లేదు. అట్లాంటి ఆర్డరొకటి వచ్చి ఊరిని పక్కనున్న టౌనులో కలిపేసినారు. దండోరా వేసినోడు వేసి పోయినాడు. పొద్దున పల్లెటూరోళ్ళుగా లేచినోళ్ళు సంగటి తినే పొద్దుకు టౌనోళ్ళైనారు. పేడకుప్పలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి.

అయితే ఉన్నమాట చెప్పుకోవాల. టౌనోళ్ళు వీధికి దీపస్తంభాలు నాటించినారు. సాయంత్రమైతే మనిషొచ్చి కిరసనాయిలు పోసి వెలిగించి పోయేవాడు. ఆ వెలుగుకు జడిసి నల్లమల చిరుత మేకలదొడ్డి దిక్కు రావడం మానుకుంది. వీరమ్మకు ఆ దీపం మీద ఎంత విశ్వాసమంటే, వెలిగించే మనిషికి రోజూ చెంబెడు మజ్జిగ ఇచ్చేది.

"ఇంటిపన్ను వేస్తారంట" అని పెద్దమనిషి పాపయ్య వచ్చి చెప్పినప్పుడు ఆమె ఏమాత్రం దిగులు పడలేదు.

"వెయ్యనీ మామా. దీపం పెట్టినోడు చమురు ఖర్చు అడగడా? ఒక్క గదికి ఎంతని వేస్తారులే."

ఇండ్లు కొలిచేదానికి ఏసురత్నం వచ్చినాడు. రాచర్ల దిక్కు మాలపల్లెలో పుట్టి, చర్చి బడిలో చదువుకొని ఉద్యోగం తెచ్చుకున్న పిల్లోడు. మర్యాదస్తుడు. ఎవురి గడపా తొక్కడు, బయట గోడలకే టేపు పట్టి రాసుకుంటాడు. జనం నోరారా సార్ అనేవాళ్ళే, బాడుగకు గది అడిగితే మాత్రం ఎవురికి వాళ్ళకు చుట్టాలొచ్చేది ఉండేది. ఖాళీ కొట్టం ఉన్న పాపయ్య కూడా ఎడ్లకు కావాలన్నాడు. అందుకని ఏసురత్నం పెండ్లాన్ని రాచర్లలో ఆమె పుట్టింట్లోనే ఉంచి, తాను ఆఫీసు వసారాలో చాప వేసుకుంటా ఉన్నాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి ఊరకున్నారు.

వీరమ్మ ఇల్లు కొలిచే రోజున తప్పు జరిగింది. మన దిక్కున ఒకరికి ఆపద వచ్చిందంటే పోయి వాళ్ళింట్లో కూర్చోవాల. అదీ లోపల కూర్చోవాల. బయట కూర్చునేది చావింటి దగ్గరే. మొగుడు లేని ఆడమనిషి, ఆఫీసరు ముందర ఒక్కతే నిలబడితే ఏం బాగుంటాదని పాపయ్య ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పోగు చేసినాడు. ఊరు ఊరంతా వచ్చి వీరమ్మ ఇంట్లో కూర్చుంది. ఇల్లు ఏం చేస్తాది పాపం, వచ్చినోళ్ళకు జాగా ఇచ్చింది. ఏసురత్నం టేపు పట్టుకొని మేకలదొడ్డి దాటి, కందిచేను గట్టుదాకా పోయినాడు. లోపల జనం వక్కాకు నములుతా, వీరమ్మకు ధైర్యం చెప్తా ఉన్నారు.

కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. టౌనులో నూనె మిల్లు యజమానికి కూడా అంత పన్ను లేదు. ఉగాదిలోపల కట్టకపోతే ఇల్లు వేలం.

వీరమ్మ నోటీసు ఒళ్ళో పెట్టుకొని ఏడ్చింది. మేకలన్నీ అమ్మినా అందులో సగం రాదు. "ఈ ఇల్లు పోతే నేను యాడికి పోవాల మామా? శివరాత్రికి వచ్చేటోళ్ళు యాడ దిగాల?"

పాపయ్య తలెత్తలేదు. "నేనే ముంచినాను నిన్ను. తోడుంటామని వచ్చి ఇంటి మీదికి తెచ్చినాం."

"అట్లనొద్దు. ఒక్కరు కూడా మానకుండా వచ్చినారే నాకోసం. అది నాకు ఎంత పెద్ద ధైర్యమో నీకు తెల్దు." ఏడుస్తానే అనింది ఆ మాట, నిజంగానే అనింది.

నోటీసు తెచ్చిన ఏసురత్నం ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. "అమ్మా, అర్జీ పెట్టుకోండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మళ్ళ కొలవమని రాయండి. రూలు ఉండాది. నేనే వచ్చి కొలుస్తా."

"ఖాళీగానా?" అనింది వీరమ్మ. ఆమె మొహం ఎండిపోయింది. వేలానికి పోతే ఇల్లు ఇంకొకరి చేతిలో అన్నా ఉంటాది. ఖాళీ చేస్తే అసలుకే లేకుండా పోతే? ఆ పొద్దంతా ఆమెకు ముద్ద దిగలేదు. కడాకు అర్జీ మీద వేలిముద్ర వేసింది.

కొలిచే రోజున అందరూ దూరంగా కళ్ళం దగ్గరికి పోయి నిలబడినారు. వీరమ్మ కడాన బయటికి వచ్చింది. పొయ్యి ఆర్పింది, పిల్లిని చంకన పెట్టుకుంది, గడప మీద చెయ్యి వేసి "పోవాకు" అని గుసగుసగా చెప్పి దిగింది.

ఇల్లు తగ్గింది. వెనక గోడ ముందుకొచ్చింది, పక్క గోడలు దగ్గరైనాయి, కప్పు దిగింది. వీరమ్మ కండ్లు మూసుకుంది. పాపయ్య ఆమె చెయ్యి పట్టుకొని, "తెరువు తల్లీ. ఉండాది" అన్నాడు. పొయ్యి, దాని మీద ఇంత కప్పు, ముందర గడప. మేకపిల్లల గూడంత ఇల్లు. కానీ పోలేదు, నిలబడింది. వీరమ్మ అక్కడే నేల మీద కూలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఏసురత్నం చుట్టూ తిరిగి కొలిచి రాసుకున్నాడు. "ఇంతకంటే తక్కువ పన్ను టౌను మొత్తంలో ఎవురికీ రాదమ్మా" అని టేపు చుట్టుకొని బయలుదేరినాడు.

"యాడికి పోయేది? నా ఇల్లు నిలబెట్టినావు. నోరు తడుపుకోకుండా పోతే నాకు అన్నం సయిస్తాదా? లోపలికి రా నాయనా."

ఏసురత్నం కదల్లేదు. ఒకసారి పాపయ్య దిక్కు చూసినాడు. పాపయ్య నేల దిక్కు చూసినాడు.

"ఆయన్నేంది చూసేది, ఇల్లు నాది" అనింది వీరమ్మ.

అతను చెప్పులు విడిచి, తల వంచుకొని, గడప దాటి లోపలికి పోయినాడు. కప్పు లేచింది, గోడలు జరిగినాయి. వీరమ్మ వెనకనే పోయి మజ్జిగ చెంబు అందించి, చుట్టూ చూసి ఆగిపోయింది. ఆమె గది ఆమెకు ఉండాది. దాని పక్కన తూర్పు దిక్కుగా ఇంకో గది లేచింది. దానికి వేరే పొయ్యి, వీధిలోకి వేరే వాకిలి. ఇన్నేండ్లలో ఆ ఇల్లు మనిషికి ఒక మనిషంత జాగానే ఇచ్చింది కానీ, ఇంత ఎప్పుడూ ఇవ్వలేదు. దూలానికి ఉయ్యాల కట్టే కొక్కెం కూడా ఉండాది.

వీరమ్మ ఆ కొక్కేన్ని చూసింది, ఏసురత్నాన్ని చూసింది.

"నీ పెండ్లానికి ఎన్నో నెల నాయనా?"

ఏసురత్నం చెంబు కింద పెట్టినాడు. "అయిదో నెలమ్మా. ఈడ ఇంకా ఎవురికీ చెప్పలేదు." అని ఆ కొత్త గోడను చేత్తో తడిమి, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చేసినాడు. ఏడుస్తానే మళ్ళ టేపు తీసినాడు. "ఇప్పుడు పెరిగిందమ్మా. మళ్ళ కొలవాలేమో."

"రూలులో ఖాళీ ఇల్లని ఉండాదా లేదా?" అన్నాడు పాపయ్య. ఎప్పుడొచ్చినాడో, గడప దాటి లోపలికి వచ్చి నిలబడి ఉన్నాడు. ఏసురత్నం మొహంలోకి ఇంకా నేరుగా చూడలేకుండా ఉన్నాడు.

"ఉండాదయ్యా."

"అయితే టేపు లోపల పెట్టు." పాపయ్య తలపాగా విప్పి మళ్ళ చుట్టుకున్నాడు. "ఇప్పుడు బండి కడితే రేపటికి రాచర్ల చేరొచ్చు. బాటంతా గతుకులే, వట్టి మనిషి కాదు కదా ఆయమ్మ. వీరమ్మా, నీ మెత్తటి బొంత ఇయ్యి, బండిలో పరచాల."

వీరమ్మ బొంత తెచ్చేలోపల ఆయన ఎడ్లను విప్పుకొని వచ్చేదానికి పోయినాడు.