కానిస్టేబుల్ మొగులయ్య గాజుల బేరం

పెళ్లయిన పధ్నాలుగేళ్లలో మా ఆయన నాకు ఒక్క గాజు కొనలేదు. అలాంటి మనిషి ట్రంకు పెట్టెలో, ఖాకీ బట్టల కింద, పదమూడు గాజుల పొట్లాలు కనిపించేసరికి నా ఒళ్లు భగ్గుమంది. ఒకటి విప్పి మట్టిగాజు చేతికి ఎక్కించబోయాను. వేళ్ల కణుపులు దాటితే ఒట్టు! ఇంకోటి చూశాను, అదీ అంతే. మాకున్న ఇద్దరూ మగపిల్లలే. మరి ఈ సన్న చేతులావిడ ఎవరు?

అప్పుడు అన్నీ గుర్తొచ్చాయి. మూడు నెలలుగా ప్రతి గురువారం డ్యూటీ నుంచి రాగానే యూనిఫాం విప్పేసి, ముఖం కడుక్కుని, తెల్ల చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని చార్మినార్ వైపు వెళ్తున్నాడు. ఎక్కడికంటే "పనుంది" అంటాడు. పిచ్చిదాన్ని, ఆ చొక్కాకి ఇస్త్రీ చేసి ఇచ్చింది కూడా నేనే!

పొట్లాల మీద చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ సీతారాం సేటు దుకాణం పేరుంది. ఆ గురువారం ఆయన వెళ్లిన పావుగంటకి నేనూ కొంగు బిగించి బయల్దేరాను.

దుకాణంలో మా ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పదిహేనేళ్ల కుర్రాడొకడు గాజులు తీసి చూపిస్తున్నాడు. వెనక పరుపు మీద సీతారాం సేటు పాన్ నములుతున్నాడు.

"ఎవలికయ్యా గీ గాజులు?" అని అరిచాను.

మా ఆయన ముఖం పాలిపోయింది. "ఇంటికి నడు, చెప్త."

"ఈడనే చెప్పు! దొంగలను పట్టే పోలీసోనివి, నువ్వే దొంగతిరుగుళ్లు తిరుగుతున్నవా?"

పోలీసు అన్న మాటకి సేటు నమలడం ఆపాడు. "ఈయన పోలీసా? వారం వారం వచ్చి నీ కాడనే కూసుంటడు కదరా అంజన్, ఏంది కత?" అని కుర్రాడి వైపు చూశాడు. వాడి చేతిలో గాజులు గలగలలాడాయి.

మా ఆయన లేచి ఇద్దరికీ మధ్య నిలబడ్డాడు. "పిలగాన్ని అడుగుతవేంది సేట్? నా భార్య అన్నది నిజమే. ఒకామె ఉన్నది. ఇంట్ల తెల్వకుండ ఆమె కోసం కొంటున్న."

కాదంటాడనే అనుకున్నాను. అబద్ధమైనా సరే, కాదంటే చాలని లోలోపల ఆశ పడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అబద్ధం అమ్మా!" అన్నాడు ఆ కుర్రాడు. "ఏ ఆమె లేదు. సార్ నా కోసం వస్తడు. నేను అఫ్జల్‌గంజ్ బస్సులల్ల జేబులు కొట్టేటోన్ని. రెండుసార్లు దొరికిన."

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. మళ్లీ మళ్లీ పట్టుబడే పిల్లల్ని వారానికోసారి కళ్లారా చూసి, ఎక్కడున్నారో ఏం చేస్తున్నారో రాసుకు రమ్మని ఇన్‌స్పెక్టర్ ఆర్డరు. అంజన్ మా ఆయన వంతుకు వచ్చాడు. వాడు ఈ పని వెతుక్కున్నాడు. యూనిఫాంలో వెళ్తే సేటుకు సంగతి తెలిసి ఆ పని పోతుంది, పని పోతే పిల్లల జైలుకే పంపుతానని మేజిస్ట్రేటు ముందే చెప్పాడు. అందుకే ఈయన గాజులు కొనేవాడిలా వెళ్లేవాడు. ఉత్తచేతులతో లేస్తే అనుమానం వస్తుందని ప్రతిసారీ ఒక పొట్లం కొనేవాడు. సైజుల సంగతి ఆ మహానుభావుడికేం తెలుసు! నాకెందుకు చెప్పలేదంటే, నా నోట్లో నువ్వుగింజ నానదట. అదీ నిజమే లెండి.

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు నెలలు ఆయన కాపాడుకొచ్చిన కుర్రాడి పనిని నేను మూడు నిమిషాల్లో ఊడగొట్టాను. దుకాణం గడప మీదే కూలబడ్డాను.

"సేటూ, తప్పంతా నాది. ఈ పిలగాన్ని పనిల ఉంచుతనంటేనే లేస్త. లేకుంటే ఈడనే కూసుంట. గిరాకీ నన్ను దాటుకుంట ఎట్లొస్తదో నేను గూడ చూస్త!"

సేటు అంజన్‌ని ఎగాదిగా చూశాడు. "ఈయన పోలీసని తెలిసే అమ్మినవా?"

"తెలిసే, సేట్."

"ఏ మాల్ అమ్మినవ్?"

అంజన్ తల వంచుకున్నాడు. "మూలకు పడ్డ చిన్న సైజు మాల్. ఎట్లనన్న ఎల్లగొట్టమని నువ్వే అన్నవ్ కద, సేట్."

"అరేయ్!" అన్నాడు మా ఆయన. "నాకు పాత సరుకు అంటగట్టినవా రా?"

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ పొలమారింది. బేరానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. కానీ నేను లేవలేదు, సేటు ఇంకా మాట ఇవ్వలేదు.

నవ్వు ఆగాక సేటు ముఖం మళ్లీ బిగుసుకుంది. అది చూసి అంజన్ భుజం మీది గాజులు తుడిచే గుడ్డ తీసి, మడిచి, గాజుల పెట్టె మీద పెట్టాడు. చెప్పుల కోసం వెతకసాగాడు.

"ఏడికిరా?" అన్నాడు సేటు. "గడప మీద గిరాకీ కూసున్నది కనవడ్తలేదా? అమ్మ చెయ్యి చూసి సైజు తీయ్."

అంజన్ నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కటీ చిట్లకుండా డజను గాజులూ నా చేతికి ఎక్కించాడు. మా ఆయన జేబులోంచి నోటుబుక్కు తీసి, మొదటిసారి అందరూ చూస్తుండగా రాసుకున్నాడు: గురువారం, సాయంత్రం ఆరు గంటలు, అంజన్ పనిలో ఉన్నాడు.