నడుముకు తగిలించిన కొక్కెం

మదనపల్లె దగ్గరి అంగళ్లు రోడ్డులో కడుతున్న నాలుగంతస్తుల లాడ్జిలో పద్నాలుగు మంది పనిచేసేవారు. హెల్మెట్లు నాలుగే. సేఫ్టీ బెల్టు ఒక్కటే. రోజూ ఉదయం రేవతి వాళ్లను నలుగురేసి నిలబెట్టి ఫోనులో ఫొటో తీసేది. తీశాక అవే హెల్మెట్లు తరువాతి నలుగురి తలలకు ఎక్కేవి. అందరిదీ అయిపోయాక బెల్టునూ హెల్మెట్లనూ స్టోరు గదిలో పెట్టి తాళం వేసి, ఫొటోలు కంపెనీ ఆఫీసుకు పంపేది. ఆమె ఉద్యోగం అదే.

"మాసిపోతే ఫొటోలో బాగుండవు" అని సూపర్‌వైజర్ మునిరత్నం వాటిని పనిలో వాడనిచ్చేవాడు కాదు.

మొదటిరోజు ఫొటో తీస్తుంటే బెల్టు తాడు మోకాళ్ల దాకా వేలాడింది. రేవతికి అది బాగనిపించలేదు. తాడు చివర ఇనుప కొక్కెం ఉంది. "దాన్ని నడుము కాడుండే రింగుకే తగిలించుకో అన్నా" అంది. తాడు చక్కగా మడతపడింది. అప్పటినుంచి బెల్టు ఎవరు కట్టుకున్నా అలాగే తగిలించుకుని, ఫోను వైపు బొటనవేలు ఎత్తేవారు.

మహబూబ్ బాషాది పుంగనూరు. బయటి గోడలకు పూత పూసే మేస్త్రీ. అతని భార్య లాల్ బీ కింద ఇసుక జల్లించేది. ఆ వారం బాషాకు జ్వరం వచ్చి తగ్గింది. పనికైతే వచ్చాడు గానీ, మెట్లెక్కుతూ రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. లాల్ బీ చూసింది.

"సారూ, ఈపొద్దు ఒక్కదినం ఆ బెల్టు ఆయనకే ఉండనీ. పైన, బయటిపక్క పని. తల తిరగతాండాదంట" అని మునిరత్నాన్ని అడిగింది.

"తల తిరిగితే ఇంట్లో పండుకోమను. పెండ్లికూతురికి వడ్డాణం కట్టినట్ల నేను కట్టి పంపల్లా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బాషా కూడా నవ్వాడు. "పోనీలేమే. ఇరవై ఏండ్లుగా బెల్టుతోనే ఎక్కినానా?" అన్నాడు.

నిజమే. పరంజా మీద అతని ఎడమ మోచెయ్యి ఎప్పుడూ వెదురును చుట్టుకుని ఉండేది. పూసేది కుడిచెయ్యే.

మునిరత్నం సిమెంటు కోసం మదనపల్లెకు వెళ్లాడు. లాల్ బీ వచ్చి స్టోరు గది గుమ్మం దగ్గర నిలబడింది. అక్కడినుంచి కదలలేదు. కాసేపటికి రేవతి తాళం తీసింది.

"సారుకు చెప్పొద్దు. దిగినాక తెచ్చియ్యి."

లాల్ బీ చేతులు కొంగుకు తుడుచుకుని బెల్టును రెండు చేతులతో తీసుకుంది. "నీ కడుపు సల్లగుండా."

బాషా బెల్టు కట్టుకుని, కొక్కెం నడుముకు తగిలించుకుని ఎక్కాడు. పైనుంచి కేకేశాడు. "పాపా, ఈడికి గూడా ఫొటో అందుతాదా?" బొటనవేలు ఎత్తాడు. రేవతి నవ్వి ఫొటో తీసింది.

ఆ రోజు అతను ఎప్పటికంటే వేగంగా పూశాడు. మోచెయ్యి వెదురును వదిలేసింది. రెండు చేతులూ పనిలోనే. కిటికీ పైఅంచు సరిగా కనబడక, బరువంతా బెల్టు మీద వేసి వెనక్కి వాలాడు.

బెల్టు కూడా అతనితోపాటే కిందికి వచ్చింది.

అంబులెన్సులో వచ్చినతను నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. బెల్టు విప్పుతూ, "ఇదేంది, కొక్కెం మొలకే ఉండాది? పైన దేనికైనా తగిలించల్ల గదా" అన్నాడు. రేవతికి అప్పుడు తెలిసింది. ఫోను తెరిచింది. మూడు నెలల ఫొటోలు. అన్నింటిలోనూ కొక్కెం నడుముకే.

మునిరత్నం తిరిగొచ్చాడు. "బెల్టు ఎవురిచ్చింది?"

"నేనే సార్."

అతను తిట్టలేదు. "మంచిదే. మనం ఇచ్చినాం, వానికి వాడుకోను రాలేదు. కట్టుకోని పైనుండే ఫొటో ఉందా?"

"ఉంది సార్."

"ఆఫీసుకు పంపు. కొక్కెం సంగతి మాత్రం ఎత్తొద్దు. వాళ్లకు నేర్పించింది ఎవురని అడగతారు."

మదనపల్లె ఆసుపత్రిలో శవాల గది బయట లాల్ బీ కూర్చుని ఉంది. గోళ్లలో ఇంకా ఇసుక ఉంది.

"బెల్టు కట్టుకోనే ఉన్నె గదమ్మా. యాల పడిపాయె?"

రేవతి పక్కన కూర్చుంది. లాల్ బీ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వొక్కదానివే నా మాట ఇంటివి. అల్లా నిన్ను బాగా సూడల్ల."

మూడోరోజు సబ్బుతో కడిగిన బెల్టును, బాషా స్థానంలో వచ్చిన కుప్పం మేస్త్రీ గంగులప్ప కట్టుకున్నాడు. పక్కవాడు చెప్పినట్టే కొక్కెం నడుముకు తగిలించుకుని బొటనవేలు ఎత్తాడు. రేవతి నోరు తెరవబోయింది. వెనక మునిరత్నం దగ్గాడు. ఆమె ఫొటో తీసింది.

"పాపా, బాషాకు ఇచ్చినావంట. నాకూ ఇయ్యరాదా? ముగ్గురు బిడ్డలు ఉండారు" అన్నాడు గంగులప్ప మెల్లగా.

"ఇయ్యను" అంది రేవతి. అతని నడుము నుంచి తనే విప్పి తీసుకుంది.

"రాయి మాదిరి ఉండావే" అంటూ అతను ఎక్కాడు. పైకి చేరగానే అతని ఎడమ మోచెయ్యి వెదురును చుట్టుకుంది.

ఆ మోచెయ్యి వైపు చాలాసేపు చూసి, రేవతి స్టోరు గదికి తాళం వేసి, ఉదయం ఫొటో ఆఫీసుకు పంపింది.