పక్క గేటు

కళ్ళజోళ్ళ షాపులో ఆమెను అందరూ భూతద్దం అంటారు. అద్దం మీద వెంట్రుకంత గీత ఉన్నా ఆమె కళ్ళుగప్పి పోలేదు. ఇరవై ఏళ్ళుగా వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తోంది. అంతటి మనిషి కూడా, "ఆదివారం ఆటల పార్కుకెళ్తున్నాం, నువ్వూ రా అక్కా" అని తమ్ముడు ఫోను చేస్తే ఎందుకని అడగలేదు. తమ్ముడంటే ఆమె చెవి కోసుకుంటుంది. మూడేళ్ళలో అతను ఆమెను ఎక్కడికైనా రమ్మనడం అదే మొదటిసారి.

ఆమెది కాళ్ళ కండరాల జబ్బు. నిలబడగలదు, పది పన్నెండు అడుగులు వేయగలదు. ఆ తర్వాత మోకాళ్ళు మాట వినవు. అందుకే మూడు చక్రాల బ్యాటరీ స్కూటరు కొనుక్కుంది. మడిస్తే కారు డిక్కీలో పడుతుంది. శనివారం దాన్ని తళతళలాడేలా తుడిచి, చార్జింగు పెట్టి, పెట్టిందో లేదో అని నాలుగుసార్లు చూసుకుంది. పెళ్ళికూతురికైనా అంత ముస్తాబు జరగదు.

పార్కులో తమ్ముడు ఇంకే ఆట జోలికీ పోలేదు. కొండంత ఎత్తు నుంచి నీళ్ళలోకి జారే పడవల దగ్గరికి నేరుగా దారితీశాడు. అక్కడ ఇసకేస్తే రాలనంత జనం.

"మనకేం లైను? మనం ఇటు" అంటూ చక్రాల కుర్చీ బొమ్మ వేసిన పక్క గేటు వైపు తిరిగాడు. స్కూటరు మీద అక్క, వెనకాల తమ్ముడు, మరదలు, పిడుగు అని అందరూ పిలిచే తొమ్మిదేళ్ళ మేనకోడలు. చూసేవాళ్ళకి ఊరేగింపులా ఉంది.

"రాజభోగం వాళ్ళదే. కూర్చునే వచ్చారు, కూర్చునే పోతారు" అన్నారెవరో లైన్లోంచి.

గేటు దగ్గరి అమ్మాయి ఒక చీటీ మీద టైము రాసిచ్చింది. "లైను గంట పడుతోందండీ. మీరూ గంటయ్యాక రండి. ఈ టైము దాటాక పావుగంట వరకే ఇది చెల్లుతుంది. మీ వెంట ముగ్గురు రావచ్చు."

"గంటా? మరి ఈ గేటెందుకు?" అన్నాడు తమ్ముడు.

"ఆ కమ్మీల మలుపుల్లో స్కూటరు తిరగదు, పైగా మెట్లున్నాయి. అందుకే ఈ దారి. ఆగడం మాత్రం అందరికీ ఒకటేనండీ."

"మా ఆఫీసులో అలా చెప్పలేదే! బండి మీదుండే మనిషి ఒక్కరు వెంట ఉంటే చాలు, రోజంతా లైనే ఉండదన్నారు!"

మరదలు అతని మోచెయ్యి గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. భూతద్దం చీటీ వైపే చూస్తూ ఉండిపోయింది. తనను ఎందుకు పిలిచారో తెలిసింది. వారం రోజులుగా తను పడ్డ హడావిడి గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఈలోగా మేం ఆ పెద్ద చక్రం ఎక్కొస్తాం. నువ్వు నీడలో కూర్చో అక్కా, బ్యాగులు చూస్తుంటావుగా."

"పడవలో నీ పక్కన నేనే అత్తా!" అని అరుస్తూ పిడుగు వాళ్ళ వెంట పరిగెత్తింది.

ఎండ నడినెత్తికొచ్చింది. దాహం వేసి ఆమె సీటు మీంచి లేచింది. కుళాయి నాలుగడుగుల దూరంలో ఉంది.

"చూశావా, లేచి నడుస్తోంది! అంతా నాటకం" అని లైన్లో ఒకాయన అన్నాడు.

"రేపే నేనూ ఒక బండి కొంటా" అని ఇంకొకాయన అందుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు.

పదమూడో అడుగు దాకా ఉండి చూడండి, అందామనుకుంది. ఎవరితో అంటుంది? సీసా సగం నిండగానే వెనక్కి వచ్చి కూర్చుంది. తర్వాత ఎంత దాహం వేసినా లేవలేదు.

చీటీలో రాసిన టైమైంది. తమ్ముడు రాలేదు, ఫోను వచ్చింది. "ఇక్కడ లైను సగం దాటేశాం అక్కా. వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కాసేపు ఆగవా?"

పావుగంటలో పది నిమిషాలు అయిపోయాయి. గేటు దగ్గరి అమ్మాయి చూసి చూసి, "మీరొక్కరైనా రావచ్చండీ" అంది.

భూతద్దం బ్యాగులు ఆ అమ్మాయి బల్ల కింద పెట్టించి, ఆ అమ్మాయి చెయ్యే పట్టుకుని ఎనిమిది అడుగులు వేసి పడవెక్కింది. నలుగురు పట్టే పడవ అది. పైకి చేరాక ఎక్కడో కింద నీళ్ళు కనిపించాయి. పక్కన ఎవరో ఉన్నట్టే చెయ్యి పట్టుకోబోతే ఖాళీ తడి సీటు తగిలింది. జారుతున్నప్పుడు భయంతో కేక పెట్టింది, కిందికొచ్చాక పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎవరికి చూపించాలో తెలియక కాసేపటికి దానంతటదే ఆగిపోయింది.

అమ్మాయి స్కూటరును దిగే చోటికి తెచ్చిపెట్టింది.

"నిజంగా లైను లేకుండా ఎక్కడైనా పంపిస్తారా అమ్మా?"

"నాకు తెలిసి లేదండీ. కాలేజీ వెనక కొత్త పార్కు పెట్టారుగా, మొన్నటిదాకా అక్కడే చేశాను. అక్కడా ఇదే చీటీ."

సాయంత్రం కారులో పిడుగు అలిగి కూర్చుంది. పడవ ఎక్కనే లేదని దాని బాధ. తమ్ముడు అద్దంలోంచి అక్కను చూస్తూ చాలాసేపు నసిగాడు.

"ఆఫీసులో చెప్పింది ఈ పార్కు గురించి కాదంట అక్కా. ఇప్పుడే ఫోను చేసి కనుక్కున్నా. కాలేజీ వెనక కొత్తది ఉందే, అక్కడంట బండివాళ్ళకి లైను లేనిది. వచ్చే నెల వెళ్దామా?"

"అందరం కలిసే ఎక్కచ్చు వదినా" అంది మరదలు.

పిడుగు అలక మర్చిపోయి అత్త చెయ్యి పట్టుకుంది.

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఆ పార్కూ ఉండదు, వచ్చే నెల ఫోనూ రాదు. అక్కడికెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది. తెలిసేదాకా ఒక నెల ఉంది.

"ఏ ఆదివారం రా?" అని అడిగింది. "షాపులో సెలవు ముందే చెప్పుకోవాలి."