అడుగున పేరున్న పళ్లెం

మా నితిన్‌కు ఈత నేర్పించాం. లైఫ్ జాకెట్ కొనిచ్చాం. తెరచాప పడవలో వాడు సముద్రం మీదికి వెళ్లిన ప్రతిసారీ నేను ముగ్గురు దేవుళ్లకు మొక్కుకునేదాన్ని. వాణ్ణి తీసుకుపోయింది మాత్రం మనలి రోడ్డులో ఒక లారీ. ఆ రోడ్డుకు నేనెప్పుడూ మొక్కుకోలేదు.

అప్పటినుంచీ వాడి పడవ మా తొండియార్‌పేట ఇంటి పక్కసందులో టార్పాలిన్ కింద బోర్లా పడుంది. ఇద్దరు పట్టే చిన్న చెక్క పడవ. వాడు కొనేనాటికే ముసలిది. ఏటా ఫిబ్రవరిలో ఇలాంటి పడవలు జట్టుగా, ఒడ్డు వెంబడే పులికాట్ దాకా వెళతాయి. వాడికి జోడీగా పడవ నడిపిన హైందవి వచ్చి, బాగుచేయించి ఈసారి తను తీసుకెళతానంది. మా ఆయన మురళీధర్ వెంటనే సరేనన్నారు. ఆయన అంత తొందరగా సరేననడం పెళ్లిచూపుల తర్వాత మళ్లీ అప్పుడే విన్నాను.

కాశిమేడు నుంచి ఆంటో అనే పడవల వడ్రంగి వచ్చాడు. పని కంటే టీలే ఎక్కువ. పాత రంగు గీకుతుంటే అడుగుభాగంలో చెక్కకు మేకులతో బిగించిన రేకు ఒకటి బయటపడింది.

"అక్కా, ఈడ చూడండి, ఏందో రాసుండాది" అని పిలిచాడు.

వంగి చూశాను. రేకు కాదు, అంచు కొట్టి చదును చేసిన స్టీలు పళ్లెం. మీద చెక్కించిన అక్షరాలు: చి. నితిన్ అన్నప్రాశనకు, అమ్మమ్మ.

మా అమ్మ ఇచ్చిన పళ్లెం. పదేళ్లొచ్చేదాకా వాడు మరోదాంట్లో తినలేదు. కాలేజీలో ఉండగా అది మాయమైతే నిలదీశాను. నా నెత్తిన చెయ్యిపెట్టి తెలియదన్నాడు. ఆ దొంగ ఒట్టుకు పోవలసింది నేను.

హైందవి తల వంచుకుంది. "రాయి తగిలి చిల్లు పడింది ఆంటీ. నేను పట్టుకున్నా, వాడు మేకులు కొట్టాడు. 'మా అమ్మ గిన్నెల్లో ఏదీ కారదే' అన్నాడు."

కింద చెక్క కుళ్లిపోయింది, పళ్లెం పీకేసి కొత్త చెక్క వెయ్యాలన్నాడు ఆంటో. వద్దన్నాను. ఇన్నేళ్లు సాంబారును ఆపింది, సముద్రాన్ని ఆపలేదా అని వాదించాను. చదువుకున్నదాని వాదన కదా, నెగ్గింది. ఆంటో అంచుల చుట్టూ తారు మెత్తి రంగేశాడు.

జట్టు పెద్ద సెంథిల్‌ది ఒకటే నియమం: ప్రయాణానికి ముందు ప్రతి పడవా ఒక పగలు నీళ్లలో ఉండాలి, కారితే జట్టులోకి రాదు. సాయంత్రానికి మా పడవలో పాదాలు మునిగే నీళ్లున్నాయి. వచ్చే ఏడు చూద్దాం అన్నాడు సెంథిల్, నా వైపు చూడకుండా. హైందవి మగ్గుతో నీళ్లు తోడుతూనే ఉంది. తోడేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆ పిల్లకూ ఇంట్లో మొక్కుకునే తల్లి ఉంది.

"తీసెయ్, ఆంటో."

"నిజంగానా అక్కా?"

"మేకులు మెల్లగా పీకు. అక్షరాల మీద సుత్తి పడకూడదు."

కొత్త చెక్కతో మళ్లీ ఒక పగలు నీళ్లలో ఉంచితే పడవ చుక్క నీరు పట్టలేదు. సెంథిల్ జట్టులోకి రానిచ్చాడు. బయల్దేరిన రోజు పొద్దున నేనూ ఆయనా ఒడ్డున నిలబడ్డాం. తెరచాపలన్నీ తెల్లగా ఒకేలా ఉన్నాయి. కాసేపటికి వాటిలో మాది ఏదో తెలియలేదు. ఇద్దరం తెలిసినట్టే నటించాం.

ఇంటికొచ్చి పళ్లాన్ని చింతపండుతో తోమాను. మధ్యాహ్నం అందులోనే అన్నం పెట్టుకుని చారు పోసుకున్నాను. మేకుల కన్నాల్లోంచి, చదునైన అంచు మీంచి బల్ల మీదికి, అక్కణ్ణుంచి నా ఒళ్లోకి కారింది. పక్కన తింటున్న మా ఆయన వేరే కంచం తెచ్చుకోమంటారేమో అనుకున్నాను.

ఆయన తన కంచం పక్కకు జరిపి, పళ్లెం కింద దోసిలి పట్టారు.

"పోసుకో" అన్నారు. "నేను పట్టుకుంటా."