తలకిందుల బొట్టు

బుల్లమ్మ దాలయ్య కొట్టు ముందు గోనెసంచి విప్పి సైకిలు చట్రాన్ని బయటికి లాగింది. చక్రాల్లేవు, హేండిలు లేదు, సీటు లేదు. ఒట్టి నల్లటి ఉక్కు గొట్టాలు.

"దిగపహండి సంతలో దొరికిందన్నా. మీ బావదవునో కాదో సూసి సెప్పు."

దాలయ్య బరంపురం బజారులో ఒంటరిగా సైకిళ్లు బాగుచేసుకుంటూ ఇరవై ఏళ్లుగా బతుకుతున్నాడు. బుల్లమ్మ భర్త సూరయ్య ఛత్రపూర్ కోర్టులో బంట్రోతు. సమన్లు పట్టుకుని ఊరూరా తిరిగే ఆ మనిషి సైకిలును రెండేళ్ల కిందట గోపాలపూర్‌లో ఎవడో ఎత్తుకుపోయాడు. అప్పట్నుంచి సూరయ్య నడిచే తిరుగుతున్నాడు. ఇంట్లో నోరు విప్పడం కూడా తగ్గించేశాడు.

"వేరేవోళ్లదైతే ఇంటికి తీసుకెల్లను," అంది బుల్లమ్మ. "ఆశెట్టి, మళ్లీ ఆయన దిగులు మొకం నేను సూళ్లేను."

సీటు కింద సైకిలు నంబరుండాల్సిన చోట ఎవరో ఆకురాయితో అరగదీశారు. దాలయ్య పానాతో ఒక్కో గొట్టాన్నీ తట్టి చెవి ఒగ్గాడు. ప్రతి గొట్టమూ ఖంగుమంది. ముందు నుంచి వెనక్కి దారం లాగి చూశాడు. వంకర లేదు.

"సీమ సరుకే. అతుకులు దిట్టంగున్నాయి. ఇంకో ముప్పయ్యేళ్లు తొక్కొచ్చు."

"మంచిదా అనడిగానా? మాదా అనడిగాను."

"గుర్తేటైనా ఉందా?"

"దసరా దసరాకీ బొట్టెట్టీదాన్ని. మరుసటేడు ఆయన రంగేసినప్పుడు సెరపనిచ్చీదాన్ని కాదు. అశుభం కదా. దానిమీదే పూసీవోడు."

"అందుకేనా మీ బండి రంగు పెచ్చులూడీది!" దాలయ్య నవ్వుతూ, హేండిలు కింద అందరూ బొట్టుపెట్టే గొట్టాన్ని గీకాడు. నలుపు, మళ్లీ నలుపు, ఆ కింద ఆకుపచ్చ, చివరికి ఇనుము. ఎరుపు మాత్రం లేదు.

ఎదుటి కాఫీ హోటల్లో, బరంపురం మద్రాసు రాజధానిలోనే ఉండాలా, కొత్తగా ఏర్పడబోయే ఒడిశాలో కలవాలా అని వాదులాడుకుంటున్నారు. బుల్లమ్మ చెవికి అదేమీ ఎక్కడంలేదు. దాలయ్య ముఖమే చూస్తోంది. 'మీదే' అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అది ఆమె మీది జాలి అనుకున్నాడు ముందు. కాదు, ఆ చూపునుంచి తాను తప్పించుకోవడానికే. ఆ సంగతి తెలిసేసరికి కాస్త సిగ్గేసింది.

"ఇక్కడ లేదు సెల్లీ," అన్నాడు.

ఆమె గోనెసంచి మడవసాగింది. ఆ చేతులు చూస్తుంటే అతనికి ఒక ప్రశ్న తట్టింది.

"బొట్టెట్టినప్పుడు సైకిలెలాగుండీది? నిలబెట్టీవోరా?"

"దానికి స్టాండెక్కడిది? కడిగి, సీటు నేలకానించి తలకిందులుగా ఎట్టీవోరు. పైకి కనబడిన సోట బొట్టెట్టీదాన్ని."

దాలయ్య చట్రాన్ని తలకిందులు చేశాడు. పెడళ్ల ఇరుసు తిరిగే లావుపాటి గొట్టం అడుగు ఇప్పుడు పైకి వచ్చింది. ఎండిన బురద రాల్చి నెమ్మదిగా గీకాడు. నలుపు. దాని కింద గోరంత ఎరుపు. మళ్లీ నలుపు, మళ్లీ ఎరుపు. ఇంకోసారీ అలాగే.

"మూడు," అన్నాడు.

"తొమ్మిదుండాలి," అంది బుల్లమ్మ.

"ఉంటాయిలే, తొందరేటి?"

నాలుగోది బయటపడగానే ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"సాలన్నా, ఇంక గీకకు. అన్నీ సెరిపేస్తావేటి?"

దాలయ్య గీకుడుకత్తి కింద పెట్టాడు. బుల్లమ్మ తన నుదుటి కుంకుమను వేలికి అద్దుకుని, గీకిన చోట మళ్లీ బొట్టుపెట్టింది.

"సక్రాలు ఎప్పుడు బిగిస్తావు?" అంది. "మీ బావని ఆదివారం పంపుతాను. రంగు మాత్రం దీనిమీదే పుయ్యి."