తుకారాం వంతులు చెప్పిన రోజు

"ఇగో, ఇటు సూడు. వాళ్ళు ఏమడిగినా తప్పు చెప్పాలె. మొదటి వంతు ఎవలదంటే నోటికొచ్చిన పేరు చెప్పు. మధ్యల ఆగిపో. ఊకె నవ్వు. సమజైందా?"

నా మొగుడు తుకారాం పళ్ళెంలో మిగిలిన పప్పును వేలితో నాకుతూ నా వైపు చూశాడు.

"తప్పెందుకు చెప్పాలె? నాకు ఎరుకే గదా."

పొద్దున లేచినప్పటి నుంచి ఇది నాలుగోసారి. గోడకు చెప్పినా ఈపాటికి వినేది. పది గంటలకు కమిటీ కూర్చుంటుంది. అప్పటికి ఇంకా గంట ఉంది.

మా ఊరు కోటగిరికి దగ్గరే, కాలువ పక్కన. ఇక్కడ సర్పంచి మాట కన్నా గ్రామాభివృద్ధి కమిటీ మాటకే బరువెక్కువ. కమిటీ ఒక ఇంటిని వెలి వేసిందంటే ఇక అంతే. ఎవరూ పలకరించరు. కిరాణంలో ఉప్పు పొట్లం కూడా ఇవ్వరు. ఆటో ఎక్కించుకోరు. పొలానికి నీళ్ళు వదలరు. అసలే మార్చి నెల, మా ఎకరన్నర వరి పొట్ట మీద ఉంది. వారం నీళ్ళు ఆగితే గడ్డి కోసుకోవడమే. బిడ్డ స్నేహలత ఇంటర్ పరీక్షలకు రోజూ బోధన్ పోయి రావాలి. పోలీసుల దగ్గరికి పోవచ్చుగా అంటారేమో, పోయి వచ్చి మళ్ళీ ఉండాల్సింది ఈ ఊళ్ళోనే కదా.

నేరం ఏమిటంటే, ఐదు రోజుల కింద పట్టపగలు, పదిమంది చూస్తుండగా, తుకారాం కమిటీ అధ్యక్షుడు దేవన్నను కాలువలోకి తోశాడు. తోసి నవ్వాడు. దేవన్నకు మోచెయ్యి బెణికింది, పరువు అంతకన్నా ఎక్కువ బెణికింది.

నేను ఒకటే అనుకున్నాను. మతి లేనివాడు చేసిన పనికి శిక్ష ఉండదు. పిచ్చోడని ఊరంతా ఒప్పుకుంటే మా ఇల్లు గట్టెక్కుతుంది. మొగుణ్ణి పిచ్చోడనిపించుకోవడానికి తయారైన ఆడదాన్ని చూశారా ఎక్కడైనా? ఇదిగో, నేనే.

ఏడాదిన్నర కిందటి తుకారాం వేరు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన మా ఊరి నీరటి. కాలువ తూము తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. ఎవరి పొలానికి ఎన్ని గంటలు నీళ్ళు పోవాలో చూసి వదిలేది ఆయనే. తాత చేశాడు, బాపు చేశాడు, ఆయన చేస్తున్నాడు. ముప్పై ఎనిమిది వంతులు, అన్నీ నోటికే. నీళ్ళ దగ్గర పారలతో తలలు పగలగొట్టుకునే మనుషుల మధ్య తిరిగి కూడా ఒక్కనాడు గొంతు పెంచలేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. నేను అరుస్తుంటే బయటికి పోయి ఒక బీడీ కాల్చుకొని వచ్చి, "అయిపోయిందా?" అని మెల్లగా అడిగేవాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చేది. పద్దెనిమిదేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవలేదు. "స్నేహ వాళ్ళవ్వా" అనేవాడు, మా దిక్కు అమ్మను అవ్వ అంటాం.

ఒక సాయంత్రం బోధన్ నుంచి బండి మీద వస్తూ, లైటు లేకుండా రోడ్డు మీద ఆపిన చెరుకు ట్రాలీని గుద్దాడు. నిజామాబాద్‌లో తలకు ఆపరేషన్ అయింది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలోనే. చుట్టాలు ఒకరోజు వచ్చి పోయారు. గంగుబాయి అక్క మాత్రం వారానికి రెండుసార్లు బస్సెక్కి జొన్నరొట్టెలు తెచ్చేది. మొగుడు లేని మనిషి, కాలువ చిట్టచివర రెండెకరాలు చేసుకొని బతుకుతుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "దెబ్బ మెదడు ముందు భాగానికి తగిలిందమ్మా. నడుస్తాడు, మాట్లాడతాడు, పాతవన్నీ గుర్తుంటాయి. కానీ ఒక పని చెయ్యొచ్చా, ఒక మాట అనొచ్చా అని వెనకాముందు చూసుకోవడం ఉండకపోవచ్చు. మీకు తెలిసిన మనిషిలా ఉండకపోవచ్చు" అన్నాడు. నేను తలూపాను. ప్రాణంతో ఉన్నాడు కదా, అది చాలనుకున్నాను. అయ్యో, ఎంత తెలివితక్కువదాన్ని!

ఇంటికి వచ్చిన మనిషి మా అత్త దినాల్లో అందరి ముందు పకపకా నవ్వాడు. చక్కెర డబ్బా ఎత్తి నోట్లో పోసుకున్నాడు. నడివీధిలో, "పుష్పా! పద్దెనిమిదేండ్ల సంది నీ పులుసు నాకు నచ్చుతలేదు" అని అరిచాడు. ఒకనాడు అన్నం ఆలస్యమైందని స్నేహ మీదికి ఇత్తడి చెంబు విసిరాడు. దాని చెవి పక్క నుంచి పోయి గోడకు తగిలింది. మరుక్షణమే, "పచ్చడి ఉన్నదా?" అని అడిగాడు. చేసింది అంతా గుర్తుంటుంది, సిగ్గు మాత్రం ఉండదు. ఆ రాత్రి నుంచి నేను, స్నేహ లోపల గడియ పెట్టుకొని పడుకుంటున్నాం. కట్టుకున్నవాడికి భయపడి గడియ పెట్టుకోవడమంటే ఏమిటో అనుభవిస్తే గానీ తెలియదు.

ఊరికి ఇదంతా పట్టలేదు. ఎనిమిది నెలలకు మళ్ళీ తూము దగ్గరికి పోయాడు, వంతు ఒక్కటి తప్పలేదు. ఇంకేం, మనిషి బాగైపోయాడన్నారు. నీరటికి మతి అంటే వంతులు గుర్తుండటమే అని మావాళ్ళ లెక్క. ముందు రోజు, కమిటీలో అందరికన్నా వయసులో పెద్దవాడైన ఆత్మారాం కాక కబురు పంపాడు: "వంతులు అప్పజెప్పమంటం. తప్పకుండ చెప్తే మతి ఉన్నట్టు. తప్పితే లేనట్టు." అందుకే పొద్దున్నించీ నా ఈ పాఠం.

కమిటీ హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. నేను ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పెట్టాను. ఆత్మారాం కాక వాటిని వేలితో పక్కకు జరిపాడు.

"గివి నిజామాబాద్‌ల చూపియ్యి బిడ్డా. మాకు ఇంగ్లీషు చదువ రాదు. మేము సూసేది మనిషిని."

దేవన్న చేతికి కట్టు కట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. "మతి లేకుంటే తూము ఎట్ల నడుపుతుండు? అన్నీ ఎరుకే వానికి. పొగరు, ఉత్త పొగరు. మూడు నెలలు వెలి ఉంటే దిగుతది."

ఆత్మారాం కాక వంతుల పుస్తకం తెరిచాడు. "చెప్పు తుకారాం. మొదటి సంది."

తుకారాం లేచాడు. దేవుడా, ఒక్క తప్పు, ఒక్కటి చెప్పించు.

"తూము కాడ మొదటిది దేవన్నది. ఏడు గంటలు."

కాక తలెత్తాడు. "ఆరు గంటలు గదరా?"

నా ప్రాణం లేచివచ్చింది. తప్పు చెప్పాడు! నా మాట విన్నాడు! ఏడాదిన్నరలో మొదటిసారి నా మాట విన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆగకుండా చెప్పుకుంటూ పోయాడు. రెండోది, మూడోది, నాలుగోది... అన్నీ సరిగ్గానే. గంటలు, పేర్లు, గట్టు పేర్లతో సహా. కాక వేలు పుస్తకంలో కిందికి జారుతోంది. నడుమ ఇంకో రెండు తప్పులు చెప్పవయ్యా, ఎందుకింత సరిగ్గా చెప్తున్నావు అని మనసులో తిట్టుకుంటున్నాను.

"పందొమ్మిదోది మాది. మూడు గంటలు."

"రెండు," అన్నాడు కాక.

అప్పుడు నాకు అర్థమైంది. ఇవి తప్పులు కావు. చివరి వంతు దగ్గర ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు. లేచి ఆయన నోరు మూయాలనిపించింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను.

"ముప్పై ఎనిమిదోది గంగుబాయిది. మూడు గంటలు."

"అయిదురా అయ్యా, అయిదు." కాక పుస్తకం మూశాడు. "మూడు తప్పులు. పాపం, మతి తప్పినట్టే ఉన్నది."

అంతవరకు పొగరు, పొగరు అన్న దేవన్న ఒక్కసారిగా కుర్చీలో ముందుకు వంగాడు. "అవు కాకా, పాపం. నేను గూడ గదే అనుకుంటున్న. పోనీ, నా మోచెయ్యి ఏం పెద్ద దెబ్బ. ఇడిసిపెడదాం." గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

అక్కడితో అయిపోవాలి. నేను కోరుకున్నది అదే. ఆయన చెయ్యి పట్టుకొని ఇంటికి పోవడమే మిగిలింది.

"తప్పేం లేదు కాకా," అన్నాడు తుకారాం. "పుస్తకంల రాసింది ఆరు. నేను ఇచ్చేది ఏడు. గంగుబాయికి రాసింది అయిదు, ఇచ్చేది మూడు. ఆమెవి రెండు గంటలు తీసి ఒకటి దేవన్నకు, ఒకటి మాకు. ఏడేండ్ల సంది. దేవన్ననే చెప్పిండు. లేకుంటే తూము తాళంచెవి ఇంకొకనికి ఇప్పిస్తనన్నడు. మొన్న గూడ గదే అడిగిండు, నాకు కోపమొచ్చింది, తోసిన."

"మీకంటే?" అన్నాడు కాక.

"నాకు, పుష్పకు. ఆమెకు ఎరుకే."

అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి. గోడ దగ్గర నేల మీద కూర్చున్న గంగుబాయి అక్క కూడా నన్నే చూస్తోంది. రెండేళ్ళు యాసంగి పంటకు ఆమె వరి ఎండిపోయింది. నా పొలం గట్టు మీద నిలబడి, "మా దిక్కు నీళ్ళు అందుతలేవే పుష్పా" అని ఏడ్చింది. నేను ఓదార్చాను. టీ పోసి మరీ ఓదార్చాను.

దేవన్న లేచి వచ్చాడు. "సూసిండ్రా, పిచ్చి మాటలు! మతి ఉన్నోడు గిట్ల మాట్లాడుతడా? పుష్పమ్మా, వానితోటి ఉండేదానివి నువ్వు. నువ్వే చెప్పు. వానికి మతి ఉన్నదా, లేదా? లేదను, గింతటితోని కథ ఖతం. నీ పొలానికి నీళ్ళాగవు. నీ బిడ్డ పరీక్షలాగవు."

పిచ్చోడంటే తోసినదీ పోతుంది, చెప్పినదీ పోతుంది. నా దొంగతనమూ పోతుంది. పిచ్చోడు కాదంటే చెప్పింది నిజం, తోసింది నేరం. వెలి తప్పదు. మూడు ముక్కలు, 'మతి లేదు పటేలా' అంటే సరి. నోరు తెరిచాను కూడా.

అప్పుడు దేవన్న తుకారాం తల మీద చెయ్యి వేశాడు. చిన్నపిల్లవాణ్ణి నిమిరినట్టు నిమిరాడు. నుదుటి పైన ఎముక లోతుకు పోయిన చోటు ఉంటుంది, దాని మీద వేలు పెట్టి అందరికీ చూపిస్తూ, "పాపం, పిచ్చోడు" అన్నాడు. ఆ చోటును నేను కూడా భయపడుతూ ముట్టుకుంటాను.

నాకు ఒళ్ళు మండింది. ఇది ధర్మం, ఇది న్యాయం అని ఆలోచించి చెప్పానంటే అబద్ధం. కోపమొచ్చింది, అంతే.

"చెయ్యి తియ్ పటేలా! మా ఆయన పిచ్చోడు గాదు. ఒక్కటొక్కటి నిజం చెప్పిండు. నాకు ఎరుకే. ఏడేండ్ల సంది ఎరుకే. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి."

హాలు గోలగోలైంది. ఆత్మారాం కాక బల్ల మీద కొట్టి కొట్టి ఆపాడు. తూము గంటలు ఇకనుంచి పుస్తకంలో ఉన్నట్టే నడవాలన్నాడు. దేవన్న తేలిగ్గా వదలలేదు, ఊపిరి తీసుకొని అడిగాడు: "మరి మతి ఉన్నోడు అధ్యక్షుణ్ణి తోసినందుకు?" హాల్లో దేవన్న చెరుకు కొట్టడానికి కూలికి పోయేవాళ్ళే సగంమంది. మాకు మూడు నెలలు వెలి పడింది. తాళంచెవి ఇమ్మన్నారు. తుకారాం మొలతాడు నుంచి విప్పి బల్ల మీద పెట్టాడు.

బయట గంగుబాయి అక్క ఎదురైంది. కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వు గూడనా, పుష్పా?" అని పోయింది. తిడితే బాగుండేది.

ఇంటి దారి పట్టాం. కిరాణం దగ్గర కూర్చున్నవాళ్ళు మమ్మల్ని చూసి తలలు తిప్పుకున్నారు, అప్పుడే మొదలైంది. తుకారాం నా పక్కన నడుస్తూ అడిగాడు.

"నన్ను పిచ్చోడని చెప్తనన్నవ్ గదా. ఎందుకు చెప్పలే?"

"నీకు పిచ్చి లేదు గనక."

కొంచెం దూరం నడిచాం. తరువాత, ఆకలేస్తుందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"నీకు గా ముందటి తుకారాం కావాలె గదా? నన్ను చూస్తే నీకు ఇష్టం లేదు. లోపల గడియ పెట్టుకుంటవ్. నాకు వినిపిస్తది."

ఈ మనిషికి అబద్ధం చెప్పి ఏం లాభం? ఆ ముందటి తుకారాం గంగుబాయి నీళ్ళు దొంగిలించినవాడే. అది నోరు తెరవని మంచితనం కాదు, నోరు తెరవని భయం. ఇవాళ ఊరంతా చూసింది. అయినా నాకు ఆయనే కావాలి. "అయిపోయిందా?" అని ఒక్కసారి అడిగితే చాలు, వెలి కాదు, ఏదైనా భరిస్తాను.

"అవు," అన్నాను. "కావాలె."

తుకారాం ఆగిపోయాడు. తల మీద ఆ లోతును తడుముకున్నాడు. దెబ్బ తగిలినప్పటి నుంచి ఆయన ఏడవగా నేను చూడలేదు, ఇప్పుడు చూశాను.

"నాకు గూడ కావాలె పుష్పా. రోజూ దేవులాడుతున్న. దొరుకుతలేడు."

ఊరు చూస్తోంది. చూడనీ. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను, ఇద్దరం అలాగే ఇంటిదాకా నడిచాం.