అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో

దర్జీ పిల్ల గుర్రాన్ని అమ్ముతోందనీ, అది తెల్ల గుర్రమనీ, దానికి రెక్కలు కూడా ఉన్నాయనీ మందుల షాపు ఆవిడ ఇస్త్రీ ఆవిడతో అందట. ఇస్త్రీ ఆవిడ ఆ మాటను మడత నలగకుండా తెచ్చి దస్తావేజుల లేఖరి భార్యకు అప్పగించింది. దర్జీ పిల్లంటే ఆమె చెల్లెలే.

"మీ చెల్లెలికి కుట్టు మిషను పెట్టుకోవడానికే చోటు లేదు, గుర్రాన్ని ఎక్కడ కట్టిందే?" అన్నాడు లేఖరి.

"ఫోన్లో."

సంగతేమిటంటే, మరదలు ఫోన్లో ఒక ఆట ఆడుతుంది. రెండేళ్ళ పాటు అందులో ఒక గుర్రప్పిల్లను సాకి రెక్కలొచ్చేదాకా పెంచింది. పళ్ళు తోముకోకముందే దాని లాయం ఊడ్చేది. గడ్డి మాత్రం ఊరికే రాదు, ఆట కంపెనీ అసలు డబ్బు పుచ్చుకునే మోపు విడిచేది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు, ఇదైతే ఎగిరే గుర్రం మరి. ఇప్పుడు అదే ఆట ఆడే రొట్టెల బట్టీ ఆయన దానికి అసలు నోట్లే ఇస్తానన్నాడు. ఆ డబ్బుతో ఎంబ్రాయిడరీ మిషను కొనాలని మరదలి ఆశ. పాత మిషను జాకెట్టుకు మూడు సూదులు మింగుతోంది. బేరాలన్నీ పక్క వీధికి పోతున్నాయి.

"ఇలాంటివి అమ్ముకోవచ్చంటావా?" అన్నాడు లేఖరి, మరదలు ఇంటికి రాగానే.

"అందరూ అమ్ముకుంటున్నారు బావా. ఎవరొచ్చి చూస్తారు?"

"అందరూ వేరు, మనం వేరు. కాగితం ఉండాలి."

లేఖరి మరదలినీ బట్టీ ఆయన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని దస్తావేజు రాయబోయాడు. మొదటి వరుసలోనే కలం ఆగింది. ఇది చరాస్తా, స్థిరాస్తా?

"పరుగెడుతుంది కదండీ, చరాస్తే," అన్నాడు బట్టీ ఆయన, చేతులకంటిన పిండి దులుపుకుంటూ.

"ఎంత పరుగెత్తినా ఫోను దాటదుగా? స్థిరాస్తి," అంది లేఖరి భార్య.

స్థిరాస్తి అన్నాక నాలుగు హద్దులుండాలి. తూర్పున మోత పెంచే మీట, పడమర బోడి అంచు, ఉత్తరాన కెమెరా, దక్షిణాన ఛార్జింగ్ బెజ్జం అని లేఖరి ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మరదలు ఫోను అటు తిప్పగానే దిక్కులన్నీ మారిపోయాయి. "కదపకే తల్లీ!" అని అరిచాడు. బట్టీ ఆయన గుర్రం పళ్ళు చూస్తానన్నాడు. అది నోరు తెరవలేదు. పొగరున్న జాతేనని ఆయన మరీ ముచ్చటపడ్డాడు.

అంతటితో సంతకాలైపోతే కథ లేదు. కానీ లేఖరికి ముప్పై ఏళ్ళ అలవాటొకటుంది. అమ్మకానికి ముందు హద్దుదారులందరికీ నోటీసు పంపుతాడు: ఈ అమ్మకంపై ఎవరికైనా అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలుపవలెను. ఇన్నేళ్ళలో ఒక్కరూ జవాబివ్వలేదు. ఆ మౌనమే ఆయన పరువు. గుర్రానికి హద్దుదారు ఎవరా అని ఆలోచించి, దస్తావేజు నకలుతో సహా మరదలి ఫోన్లోంచే ఆట కంపెనీకి నోటీసు పంపాడు.

అయిదో నిమిషంలో జవాబొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఇదే తొలి జవాబని లేఖరి పొంగిపోయి అందరికీ వినపడేలా చదివాడు.

"మీ నోటీసుకు కృతజ్ఞతలు. ఆటలోని ఏ వస్తువూ ఆడేవారి సొంతం కాదు. వాడుకోవడానికి మాత్రమే ఇచ్చాం. వాటిని అసలు డబ్బుకు అమ్మడం నిషిద్ధం. మీరు అడక్కపోతే మాకు తెలిసేది కాదు. గుర్రాన్ని వెనక్కి తీసుకున్నాం."

మరదలు ఫోను చూసింది. లాయం ఖాళీ. గోడవారన నిన్న కొన్న గడ్డిమోపు మాత్రం అలాగే ఉంది.

"కొరివితో తల గోక్కున్నావు బావా. అదీ నా తల," అంది.

బట్టీ ఆయన నోట్లు జేబులోకి తోసి, గడప దగ్గర ఆగి, "పోనీ, ఆ గడ్డి అమ్ముతావా?" అన్నాడు. లేఖరి భార్య చూసిన చూపుకు మెట్లు దిగిపోయాడు.

లేఖరి కొత్త కాగితం తీశాడు. "బదులు రాద్దామమ్మా. మహారాజశ్రీ ఆట కంపెనీ వారి సముఖమునకు..."

"సముఖమూ వద్దు, విముఖమూ వద్దు," అంటూ మరదలు ఫోను తీసి తనే కొట్టి పంపింది:

"గుర్రం మీదైతే గడ్డికి నా దగ్గర డబ్బెందుకు తీసుకున్నారు?"